మూడో తాళం

జూన్ 8, ఆదివారం

ఈ సాయంత్రం టీవీలో ‘అయిదు తాళాలు’ మళ్ళీ మొదలైంది. ఎప్పుడో ఆగిపోయిన కార్యక్రమం. పాతదాంట్లో నిజమైన ఇనప బీరువా ఉండేది, దానికి అయిదు తాళాలు వేలాడేవి. జవాబు చెప్పిన మనిషి తాళం తీసి అరలో ఉన్నది పట్టుకెళ్ళేవాడు. ఇప్పుడు బీరువా లేదు. గోడంత తెర. తాళం బొమ్మ మీద వేలు పెడితే కిర్రుమని చప్పుడొస్తుంది. యాంకరు కుర్రాడు ప్రతి జవాబుకీ గెంతుతున్నాడు.

నాకు బాధేమీ కలగలేదు. కార్యక్రమమే కదా. అన్నం సయించలేదు, అది వేరే సంగతి.

ఈ డైరీ మా అమ్మాయి సుష్మ తెచ్చిచ్చింది. నేను రిటైరైన దగ్గర్నుంచీ వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏం చెబుతోందో తెలియదు కానీ, హార్బరు అవతల బ్రూక్షాబాద్ నుంచి పనిగట్టుకుని వచ్చి, “ఏదో ఒకటి రాసుకో నాన్నా, కిచెన్‌లో అమ్మకి సలహాలివ్వడం ఛోడ్ దో” అంది. సలహాలు కావు. పప్పుల డబ్బాలు వరసలో పెట్టించాను, అంతే. హాడోలో గవర్నమెంటు స్టోర్సు నడిపినవాడికి ఆ మాత్రం చేతకాదా.

జూన్ 9

‘అయిదు తాళాల అభిమాన సంఘం’ అని ఫోన్లో ఒక గ్రూపు ఉంది. చేరాను. అడ్మిన్ రాజేంద్ర గారు విజయవాడలో లెక్చరరుగా చేశారట, ఈ కార్యక్రమం చరిత్రంతా ఆయనకి కంఠతా. చాలా పెద్దమనిషిలా ఉన్నారు. దసరా ఎపిసోడ్లో బీరువా బూడిద రంగా, ఆకుపచ్చా అన్నదాని మీద అక్కడ చర్చ నడుస్తోంది. ఆకుపచ్చ అన్నవాళ్ళలో ఒకాయన అలిగి గ్రూపు వదిలిపోయాడు.

ఇన్నాళ్ళకి నా స్థాయి మనుషులు దొరికారు.

జూన్ 12

ఈ రోజు నేను కూడా ఒక మాట రాశాను. పైలట్‌లో తాళాలు మూడే అని.

పైలట్ అంటే ఛానెల్ వాళ్ళకి చూపించడానికి ముందుగా తీసే నమూనా. అది ఎక్కడా ప్రసారం కాలేదు. స్టూడియో వాళ్ళు తప్ప చూసినవాళ్ళు లేరని రాజేంద్ర గారి పరిశోధన. మేం చూశాం అని రాశాను. తొంభై ఏడులో, మా బాంబూఫ్లాట్ జెట్టీ దగ్గరి వీడియో పార్లర్‌లో, సుమారు సగం ఊరు. మాకప్పుడు తెలుగు ఛానెల్ రాదు. ఎపిసోడ్లన్నీ క్యాసెట్ల మీద రికార్డు చేసి, వైజాగ్ నుంచి ఓడలో వచ్చే మనుషుల చేత పంపేవారు. పంపేది స్టూడియోలో లైట్లు పట్టే మనిషి. ఒకసారి పొరపాటున పైలట్ వచ్చింది.

నాకు వచ్చిన జవాబులు: బాంబూఫ్లాట్ ఎక్కడ? అండమాన్‌లో తెలుగువాళ్ళు ఉంటారా? మీకు అప్పట్లో కరెంటు ఉందా? రాజేంద్ర గారు మాత్రం మర్యాదగా రాశారు: “పెద్దవారు. ఏదో ఊహించుకుని ఉంటారు. ఎవరూ ఎగతాళి చేయవద్దు.”

మా నాన్న కూడా పుట్టింది ఇక్కడే. నేను ఊహించుకున్నానట.

జూన్ 15, ఆదివారం

సాక్షుల కోసం బయల్దేరాను. వాన. గొడుగు తిరగబడింది.

చేపల బజారులో యర్రమ్మకి అంతా జ్ఞాపకం ఉంది. “పైలట్టా? మరిసిపోతానేటి బాబూ. ఇమానం తోలినోడే గెలిసాడు. తెల్ల టోపీ ఎట్టుకున్నాడు” అంది. ఆమె మాట నమ్మి పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా టోపీ చూశామన్నారు. గోవిందు టగ్ బోటు మీద పనిచేసినవాడు కనక, పైలట్ అంటే బయటి ఓడని హార్బరులోకి తెచ్చే మనిషి అనుకున్నాడు. నమూనా ఎపిసోడ్ అని వివరించాను. “అదా భయ్యా” అని, గెలిచినది ఒక కానిస్టేబుల్ అనీ, ఆవు బహుమతి అనీ చెప్పాడు. ఆవుని స్టూడియోలోకి తోలుకొచ్చారట.

మా ఆవిడ శ్రీలక్ష్మినీ అడిగాను. “ఆ రోజు ఉక్కపోత” అంది. అంతే జ్ఞాపకం ఆవిడకి.

ఒకరి మాట ఇంకొకరితో కలవదు. అందరూ తప్పే. పోటీలో పాల్గొన్నది నీలం చీర కట్టుకున్న ఒక అమ్మాయి. మొదటి తాళం తీస్తే కుక్కరు, రెండో తాళం తీస్తే కుట్టుమిషన్. మూడో తాళం ముందు యాంకర్ ఆపి అడిగాడు: మిషన్ తీసుకుని ఇంటికెళతారా, తాళం ప్రయత్నిస్తారా? తప్పు చెబితే మిషన్ కూడా పోతుంది. ఆ అమ్మాయి నోరు తెరిచింది. అక్కడ క్యాసెట్ అయిపోయింది.

నాకు మాత్రమే సరిగ్గా జ్ఞాపకం ఉంది. నాకూ, వాడికీ.

జూన్ 16

వాడి దగ్గరికి వెళ్ళను.

జూన్ 19

కొత్త కార్యక్రమం నిర్మాతలు గ్రూపులో ప్రకటన పెట్టారు. పాత అభిమానులతో ఒక ప్రత్యేక ఎపిసోడ్ చేస్తారట. పైలట్ చూపించగలిగిన వాళ్ళని హైదరాబాద్ రప్పించి స్టూడియోలో సత్కరిస్తారట.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. గోవిందుకి మాత్రం చెప్పాను.

జూన్ 20

ఫెర్రీలో టికెట్లు చింపేవాడితో సహా అందరూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. టీవీలో ఎప్పుడొస్తానని అడిగారు. త్వరలో అన్నాను. అబద్ధం కాదు.

జూన్ 22, ఆదివారం

వెళ్ళను అని రాశాను కనక ఎందుకు వెళ్ళనో కూడా రాయాలి.

పార్లర్ నడిపినది అసిరయ్య. క్యాసెట్లు పంపే లైట్‌మాన్ వాడి బావమరిది. అసిరయ్యా నేనూ ఒకే బడి, ఒకే బెంచీ. ఇద్దరం కలిసి ఒక లాంచీ కొని హార్బరులో జనాన్ని తిప్పాలని అనుకున్నాం. మాటలన్నీ అయ్యాక నాకు స్టోర్సులో పర్మనెంట్ అయింది. అప్పుడు నేను తప్పుకున్నాను. తెలివున్న ఎవడైనా తప్పుకుంటాడు.

ఆ తర్వాత నెలలోనే ఆ పైలట్ వచ్చింది. క్యాసెట్ అయిపోగానే, ఆ అమ్మాయి మిషన్ తీసుకుని ఇంటికెళ్ళి ఉంటుందని నేనన్నాను. కాదు, తాళం తీసే ఉంటుందని వాడన్నాడు. మాటా మాటా పెరిగింది. అంతమందిలో వాడు, “నీలాంటోడు తాళం ముట్టుకోడు, మిగతావోళ్ళు కూడా ముట్టుకోరనుకుంటాడు” అన్నాడు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను. వాడొచ్చి క్షమాపణ చెబుతాడని చూశాను. ఇంకా రాలేదు.

తర్వాత లాంచీ వాడొక్కడే కొన్నాడు. కొన్నేళ్ళు బాగానే నడిచింది. సునామీ వచ్చిన ఉదయం జెట్టీతో పాటు అదీ పోయింది. ఆ రోజుల్లో నాకు ఆఫీసులో తీరిక లేదు. రిలీఫ్ సామానంతా మా స్టోర్సు మీదుగానే వెళ్ళేది. పలకరించడానికి వీలు పడలేదు. ఆ పై వారం కూడా పడలేదు. నిజంగానే తీరిక లేదు.

ఈ రోజు మధ్యాహ్నం చేపల పులుసు అమోఘం. శ్రీలక్ష్మి చేతికి అప్పుడప్పుడూ ఎక్కడలేని రుచి వస్తుంది. పులుసు మనది కాని స్టీలు డబ్బాలో ఉంది. ఎక్కడిదంటే, “గిన్నెలు తోమేదాన్ని నేను, మీకెందుకండీ” అంది.

జూన్ 24

వెళ్ళాను. వాడి కోసం కాదు. చరిత్ర కోసం.

పార్లర్ ఇప్పుడు మొబైల్ షాపు. అసిరయ్య కౌంటరు వెనక కూర్చుని ఎవరి ఫోనో విప్పుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. తలెత్తి నన్ను చూసి, “క్యా చాహియే సాబ్? ఛార్జరా, కవరా?” అన్నాడు.

కవర్ అన్నాను.

నాలుగు రకాలు చూపించాడు. ఎర్రటిది తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. నా ఫోనుకి పట్టలేదు.

జూన్ 25

కవర్ మార్చుకోవడానికి వెళ్ళాను. ఛార్జర్ కూడా కొన్నాను.

జూన్ 26

ఇవాళ వాడే అడిగాడు. “ఏటి కావాల నీకు? ఇంకేటి అమ్మాల నీకు నేను?”

క్యాసెట్ అన్నాను. ఏ క్యాసెట్ అని అడగలేదు వాడు. కాసేపు స్క్రూడ్రైవర్ తిప్పుతూ ఉండి, “ఇంట్లో ఉంది. రా” అన్నాడు.

షాపు వెనకే ఇల్లు. వాడి భార్య బుల్లెమ్మ నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. “కూకోండి అన్నయ్యగారూ” అని టీ తెచ్చింది. చక్కెర లేదు. నాకు సుగర్ అని ఆవిడకి ఎలా తెలుసో. మోకాలికి ఆ నూనె రాస్తున్నారా, తగ్గిందా అని కూడా అడిగింది. నా మోకాలి సంగతి ఊరందరికీ తెలిసినట్టుంది.

క్యాసెట్ ట్రంకుపెట్టె అడుగున, ప్లాస్టిక్ సంచీలో, దానిపైన గుడ్డ చుట్టి ఉంది. సునామీ రోజున ఇంట్లోకి నీళ్ళొస్తే ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్ట ఎక్కామని బుల్లెమ్మ చెప్పింది. అంత జాగ్రత్త ఎందుకో నేను అడగలేదు.

రీలంతా బూజు. స్పిరిట్‌తో తుడవాలట. రేపు రమ్మన్నాడు.

జూన్ 27

తుడిచాం.

జూన్ 28

తుడిచాం. పనిచేస్తున్నంతసేపూ వాడు ఏమీ మాట్లాడడు. నేను కూడా మాట్లాడలేదు. మాట్లాడకుండా ఇంత హాయిగా ఉంటుందని తెలియదు.

జూన్ 29, ఆదివారం

షాపులో వేశాం. గోవిందు వల్ల జనం వీధిలోకి కూడా నిండిపోయారు. పాత ప్లేయర్ మీద అసిరయ్య రెండు చేతులూ వేసి నొక్కి పట్టుకుంటే బొమ్మ నిలబడింది. నేను ఎదుట నుంచుని ఫోన్లో రికార్డు చేశాను.

నీలం చీర, కుక్కరు, మిషన్. అన్నీ నేను చెప్పినట్టే. మూడో తాళం. ఆ అమ్మాయి నోరు తెరిచింది. చీకటి.

విమానం వాడేడని యర్రమ్మ అడిగింది. ఇది వేరే పైలట్ అని గోవిందు సర్దిచెప్పాడు. ఆవు లేకపోయినందుకు వాడు మాత్రం ఏమీ అనలేదు.

అందరూ వెళ్ళాక అసిరయ్య టీవీ వంకే చూస్తూ, “నువ్వన్నదే నిజంరా తిర్మలా. మిషన్ అట్టుకుని ఇంటికెళ్ళిపోయుంటాది” అన్నాడు.

“ఎప్పుడనిపించింది?” అన్నాను.

“లాంచీ పోయిన్నాడు.”

ఇన్నేళ్ళూ ఈ మాట కోసమే చూశాను. వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకోగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నేను వాడితో, ఆ అమ్మాయి ముఖం చూడు, అది ఇంటికెళ్ళే ముఖమేనా, తాళం తీసే ఉంటుంది అన్నాను. వాడు లేదన్నాడు. మిషన్ ఉంటే జీవితాంతం కూడు దొరుకుద్ది, వదిలేస్తే మతిలేనట్టే అన్నాడు. స్టోర్సులో కూర్చున్నవాడికి కూడు దొరుకుతుంది, దాంతో ఏమొచ్చింది అన్నాను నేను. మేం అరుచుకుంటుంటే వంటింట్లోంచి, “ఇద్దరూ అటు బీచ్‌కి పోయి కొట్టుకోండి, చేప మాడిపోతోంది” అని ఒక ఆడమనిషి కేకేసింది.

బుల్లెమ్మ కాదు. మా శ్రీలక్ష్మి.

చేతినిండా పసుపూ కారంతో ముక్కలకి మసాలా పట్టిస్తోంది. పక్కనే ఆ స్టీలు డబ్బా. ఎప్పట్నుంచి వస్తున్నావు ఇక్కడికి అని అడిగాను. “ఎప్పుడు మానేశానండీ?” అంది.

జూన్ 30

శ్రీలక్ష్మితో మాట్లాడటం లేదు. ఆవిడ గమనించినట్టు లేదు.

జూలై 1

వీడియో గ్రూపులో పెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దండాలే దండాలు. రాజేంద్ర గారు ఇలా రాశారు: “నేను మొదటినుంచీ అనుమానిస్తున్న ప్రతి ఇదే. నా అన్వేషణ ఫలించింది.”

అన్వేషణ ఆయనదట. ప్లేయర్ మీద నొక్కిపట్టి అసిరయ్య చేతులు వాచిపోయాయి.

శ్రీలక్ష్మితో మాట్లాడాను. ఉప్పు ఎక్కడుందని అడగాల్సి వచ్చింది. డబ్బాలన్నీ పాత చోటుకి వెళ్ళిపోయాయి.

జూలై 6, ఆదివారం

ఆ నీలం చీర అమ్మాయి దొరికింది. వీడియో చూసి ఎవరో గుర్తుపట్టి గ్రూపులో నంబరు పెట్టారు. పేరు కళ. కాకినాడలో ఉంటారు, ఇప్పుడు మనవరాలు కూడా ఉందట. అసిరయ్య ఇంట్లో నలుగురం ఫోన్ చుట్టూ కూర్చున్నాం. స్పీకరు పెట్టాను. అసిరయ్యే అడిగాడు.

“అమ్మా, మూడో తాళం కాడ ఏటి చేసారు మీరు?”

“ఏ తాళమండీ?”

మొత్తం చెప్పాడు. ఆవిడ విని, నవ్వారు. “అక్కడితో ఆపేశారండీ. భోజనాలకి. తర్వాత మళ్ళీ మొదలెట్టనే లేదు. ఛానెల్‌కి చూపించడానికి అంతవరకు చాలన్నారు.”

“మరి ప్రశ్న?”

“అడగలేదండీ. మూడో ప్రశ్న రాసుకోలేదని లైట్లబ్బాయే చెప్పాడు నాకు.”

అసిరయ్య నా వంక చూశాడు. నేను బుల్లెమ్మ గారి గోడమీద క్యాలెండరు వంక చూశాను. లైట్లబ్బాయి అంటే వాడి బావమరిదే. వాడిని అడగాలని మాకెవరికీ తోచలేదు.

“మిషనైనా ఇచ్చారా?” అని నేను అడిగాను.

“అబ్బే. అది ఉత్త డొల్లండీ, లోపల ఏమీ లేదు. మా తమ్ముడి సరదా కోసం వెళ్ళాను. బిర్యానీ పొట్లం ఇచ్చి బస్సెక్కించారు. బిర్యానీ మాత్రం చాలా బాగుందండీ.”

అడిగి ఉంటే ఏం చేసేవారమ్మా అన్నాను. “నిజం చెప్పాలంటే తెలీదండీ. అప్పటికి నాకు ఆకలేస్తోంది” అన్నారు. తర్వాత, “ఇంత దూరం నుంచి ఇన్నేళ్ళకి అడుగుతున్నారు, ఇంతకీ మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారండీ?” అన్నారు.

స్నేహితులం అనాలా, ఒకప్పుడు అనాలా, ఒక ఊరివాళ్ళం అంటే సరిపోతుందా అని తడుముకుంటున్నాను. అసిరయ్య ఫోన్ మీదికి వంగాడు.

“మావోడేనమ్మా” అన్నాడు.

జూలై 7

కళ గారు చెప్పినదంతా గ్రూపులో రాశాను. రాజేంద్ర గారికి నచ్చలేదు. పాల్గొన్నవారి జ్ఞాపకాలు నమ్మదగినవి కావట. ఒత్తిడిలో ఉంటారట. మూడో ప్రశ్న ఉండే తీరాలని, అది నదుల మీద అయి ఉంటుందని ఆయన నిర్ధారించారు. ఓటింగు పెట్టారు. ఆవిడ తాళం తీశారని ఎక్కువమంది ఓటేశారు. కళ గారు స్వయంగా గ్రూపులో చేరి, లేదండీ, భోజనాలకి లేచామండీ అని రాస్తే, అమ్మా మీరు మర్చిపోయి ఉంటారు, విశ్రాంతి తీసుకోండి అన్నారు.

నేను కూడా నాలుగు మాటలు రాశాను. నన్ను తీసేశారు.

నాకు బాధేమీ కలగలేదు. ఈసారి నిజంగానే.

జూలై 11

స్టూడియోకి రాజేంద్ర గారు వెళుతున్నారు. ఆయనకి బస్సు ఖర్చు చాలు, నాకైతే విమానం టికెట్టు పెట్టాలని నిర్మాతల ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. గొంతు మాత్రం చాలా మర్యాద.

ఫెర్రీలో మళ్ళీ అడిగారు. వెళ్ళడం లేదు అన్నాను. ఎందుకంటే, పనుందన్నాను. అసిరయ్య షాపులో కవర్ల స్టాకు ఏ వరసా లేకుండా పడి ఉంది. పొద్దుటి నుంచి మోడల్ ప్రకారం సర్దుతున్నాను. వాడికి సలహాలంటే కోపం. అయినా ఇస్తున్నాను.

జూలై 20, ఆదివారం

ప్రత్యేక ఎపిసోడ్ వచ్చింది. అందరం అసిరయ్య షాపులోనే చూశాం. రాజేంద్ర గారు పట్టు లాల్చీ వేసుకున్నారు. ఎన్నో ఏళ్ళు గాలించి, ఒక దీవిలో, బెస్తవాడి గుడిసెలో ఈ క్యాసెట్ కనుక్కున్నానని చెబితే చప్పట్లు కొట్టారు. తనది గుడిసె అన్నందుకు అసిరయ్యకి కోపం రాలేదు కానీ, షాపు బోర్డు పేరు చెప్పి ఉంటే బిజినెస్ పెరిగేది కదా యార్ అన్నాడు. తెరమీద రాజేంద్ర గారిని చూపించి, “అడుగో, అడే పైలట్టు. అప్పుడు సన్నగుండేవోడు” అంది యర్రమ్మ. ఎవరూ కాదనలేదు.

జనం వెళ్ళిపోయాక పెద్ద వాన పట్టుకుంది. లోపల కూర్చున్నాం. కొత్త కార్యక్రమం బాగుందని అసిరయ్య, చెడగొట్టారని నేను. ఇద్దరం గొంతు పెంచాం. బుల్లెమ్మ అన్నం గిన్నె దించుతూ, “ఈళ్ళు మాటాడుకోనన్నాళ్ళే ఇల్లు ప్రశాంతంగా ఉండేది వదినా” అంది. శ్రీలక్ష్మి, “నేనూ అదే అనుకుంటున్నా” అని నాకు పళ్ళెం పెట్టింది. ఆ ఇంట్లో ఏ పళ్ళెం ఎక్కడుందో, ఏది ఎవరిదో ఆవిడకి తెలుసు.

తిన్నాక గొడుగు కోసం లేవబోయాను. వాన తగ్గాక ఎల్దువులే అన్నాడు అసిరయ్య. కూర్చున్నాను.

వాన తగ్గింది. నేను లేవలేదు. ఎవరూ లెమ్మనలేదు.